చిన్న వేషధారి

ఎర్నెస్ట్ లూబిచ్ 1892వ సంవత్సరమున బెర్లిను నగరమందొక యూదు దర్జీ యింట జన్మించెను. 1911లో మాక్స్ రైన్‌హార్టు నాటకశాలలో చేరి చిన్న వేషములే ధరించెను. పిదప చలనచిత్ర దర్శకుడై 1922లో అమెరికా కేగెను. మాటలలో చెప్పవలసినదానిని మూసిన తలుపుచేతనే సూచించుట యాతని నేర్పు. 1935లో పారమౌంటు స్టూడియో చిత్రనిర్మాణమునకు అధికారి యయ్యెను. ఆ యేడే నాజీ ప్రభుత్వ మాతని జర్మను పౌరసత్వమును రద్దుచేసెను.

1942లో ఆతడు తీసిన "టు బి ఆర్ నాట్ టు బి" చిత్రమున, వార్సా నాటకశాలలో ఈటె పట్టి నిలుచు నటుడొకడు షైలాకు వేషమునకై పరితపించును. తుదకు నాజీ భటుల యెదుటనే ఆ పాత్ర మాటలు పలికి, తోడివారు తప్పించుకొనుటకు దారిచేయును. చిన్న వేషగాని మనస్సును లూబిచ్ మరువలేదని మా తలంపు.

బాలలారా! మన పాఠశాల నాటకమున భటుని వేషము వచ్చినవాడు చిన్నబోనక్కరలేదు.