యంత్రానికి ముంగిలి

2017 ఆగస్టు 23న నంద్యాల శాసనసభ నియోజకవర్గానికి ఉపఎన్నిక జరిగింది. ఆ రోజు ఓటరు తనకు నచ్చిన గుర్తు పక్కనున్న నీలిమీటను నొక్కగానే ఎర్రదీపం వెలిగింది. పక్కనే ఉన్న మరొక పెట్టెలో, అద్దం వెనుక, ఒక చిన్న చీటీ కనిపించింది. దానిపై అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ముద్రితమై ఉన్నాయి. ఏడు సెకన్లు నిలిచి ఆ చీటీ తెగి లోపల పడింది. తాను వేసిన ఓటు తాను కోరినవారికే నమోదైందని ఓటరు కంటితో చూసుకొనే ఈ ఏర్పాటును వీవీప్యాట్ అంటారు. ఓటువేసిన వారిలో చదువురాని వృద్ధులు ఉన్నారు, తొలిసారి ఓటుహక్కు పొందిన యువకులూ ఉన్నారు. యంత్రం లోపల ఏమి జరుగుతున్నదో వీరిలో ఎవరికీ తెలియవలసిన అవసరం లేదు. మీట, దీపం, గుర్తు, చీటీ - వారికి తెలియవలసినవి ఇవే.

ఇంటిలో ఎన్ని గదులున్నా వచ్చినవారికి మొదట ఎదురయ్యేది ముంగిలి. యంత్రానికీ అటువంటి ముంగిలి ఉంటుంది. మనిషి యంత్రానికి తన కోరిక చెప్పే చోటు, యంత్రం మనిషికి బదులు చెప్పే చోటు అదే. దానినే సాంకేతిక పరిభాషలో యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారు. సెల్‌ఫోన్ తెర, ఏటీఎం మీటలు, రైల్వే టికెట్టు యంత్రం, చివరకు తలుపు పిడి కూడా ఈ కోవలోకే వస్తాయి. నెట్టాలో లాగాలో తెలియని తలుపు ముందు మనిషి తడబడితే తప్పు మనిషిది కాదు, తలుపు చేసినవారిదని అమెరికన్ శాస్త్రవేత్త డొనాల్డ్ నార్మన్ 1988లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఈ విద్యకు పునాది ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

మన ఎన్నికల చరిత్రే ఇందుకు మంచి నిదర్శనం. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో ఓటర్లలో అధికసంఖ్యాకులు అక్షరాస్యులు కారు. అందుచేత ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిపై గుర్తు అతికించారు. ఓటరు చదవనక్కరలేదు, చూస్తే చాలు. తరువాతి కాలంలో అన్ని గుర్తులూ ఒకే బ్యాలెట్ పత్రంపైకి వచ్చాయి. హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ 1979లో ఓటింగు యంత్రం నమూనాను తయారుచేసింది. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో యంత్రాలను తొలిసారి వాడారు. దాని రూపకల్పనలో ముంబయి ఐఐటీకి చెందిన పారిశ్రామిక రూపకల్పన కేంద్రం ఆచార్యులు ఎ.జి. రావు, రవి పూవయ్య పాలుపంచుకొన్నారు. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటా ఈ యంత్రాలే వచ్చాయి.

ఆ యంత్రాన్ని నిదానంగా పరిశీలిస్తే రూపకర్తల ఆలోచన బోధపడుతుంది. అది రెండు భాగాలుగా ఉంటుంది. ఓటరు ముందున్న భాగంలో పేర్లు, గుర్తులు, మీటలు తప్ప మరేమీ లేవు. ఓటింగును ప్రారంభించే, ముగించే, ఫలితం చూపే మీటలన్నీ అధికారి వద్దనున్న రెండవ భాగంలో ఉంటాయి. అధికారి అనుమతించినప్పుడే ఓటరు వైపు పచ్చదీపం వెలుగుతుంది. ఒకసారి ఓటు పడిన తరువాత ఎన్నిసార్లు నొక్కినా, ఏ మీట నొక్కినా ఫలితం ఉండదు. చూపులేనివారి కొరకు మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి. తప్పు చేయవద్దని గోడమీద వ్రాయడం ఒక పద్ధతి. తప్పు చేయడానికే వీలులేకుండా నిర్మించడం మరొక పద్ధతి. రెండవది కష్టం, మేలైనది.

అయితే ఎంత మంచి రూపకల్పనకైనా ఒక హద్దు ఉంటుంది. ఒక యంత్రంపై 16 వరుసలకే చోటు. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీచేసినప్పుడు ఒక్కొక్క ఓటరు ముందు 12 యంత్రాలను అమర్చవలసివచ్చింది. ఒక్క పెట్టెపై సులువైన పని అక్కడ వెదుకులాటగా మారింది.

ఇటువంటి విద్య పుస్తకం చదివినంతమాత్రాన అబ్బదు. నంద్యాల నుండి 40వ నంబరు జాతీయ రహదారిపై కడప వైపు వెళితే ఆళ్ళగడ్డ వస్తుంది. రాతి శిల్పాలకు పేరుగన్న ఊరు అది. అక్కడి శిల్పకళకు భౌగోళిక గుర్తింపు లభించింది. శిల్పవిద్యలో ప్రమాణాలు చెప్పే శాస్త్రగ్రంథాలున్నాయి. కాని ఉలిని ఎంత వాలుగా పట్టాలో, సుత్తిదెబ్బ ఎంత బలంగా పడాలో చేతికి తెలియాలి. అది రాతి మీదనే తెలుస్తుంది. తెరను రూపొందించేవారి విద్యా ఇంతే. కాకపోతే ఒక సౌలభ్యం ఉన్నది. ఎగిరిపోయిన రాతిపెచ్చును తిరిగి అతికించలేము. కాగితంపై గీసిన తెరను మాత్రం చెరిపి మళ్ళీ గీయవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ చదువులలో ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం తరువాత విద్యార్థులు ప్రజల మధ్య పనిచేసే సామాజిక సేవా ప్రాజెక్టు కూడా అందులో భాగం. రూపకల్పన నేర్చుకొనేవారికి ఇంతకన్న అనువైన సందర్భం ఉండదు.

ఒక ప్రాజెక్టును ఊహించి చూడవచ్చు. ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళే యాత్రికుల కొరకు ఫోనులో దారి, బస్సుల వివరాలు చూపే తెరను తయారుచేయాలి. విద్యార్థులు వెంటనే కంప్యూటరు ముందు కూర్చోవడం పొరపాటు. ముందుగా బస్టాండుకు వెళ్ళాలి. ప్రయాణికులు విచారణ గది వద్ద ఏమని అడుగుతున్నారో వినాలి. దిగువ అహోబిలానికి, ఎగువ అహోబిలానికి మధ్య సుమారు 8 కిలోమీటర్ల దూరం. నవనారసింహ క్షేత్రాలలో కొన్నింటికి నల్లమల అడవిలో నడిచే వెళ్ళాలి. కనుక 'అహోబిలం' అని ఒక్క మీట పెడితే సగం మందికి అది సమాధానం కాదు. బస్సు ఎంతవరకు వెళుతుంది, అక్కడినుండి నడక ఎంత, చీకటిపడేలోగా తిరుగు బస్సు ఉన్నదా - కుటుంబంతో వచ్చిన పెద్దవారికి కావలసినవి ఇవి. వినకుండా గీసిన తెరలో ఇవి ఉండవు. ఆలయ గోపురం బొమ్మ మాత్రం తప్పక ఉంటుంది.

తరువాత తెల్లకాగితాలపై పెన్సిలుతో తెరలు గీయాలి. ఒక ప్రయాణికుని చేతికి ఆ కాగితం ఇచ్చి, "ఎగువ అహోబిలం వెళ్ళే బస్సు ఎప్పుడో చూడండి" అని మాత్రమే చెప్పాలి. ఆయన వేలితో ఎక్కడ నొక్కితే దానికి తగిన మరో కాగితాన్ని ఒక విద్యార్థి ముందుంచాలి. రెండవ విద్యార్థి నోరు మెదపకుండా గమనించి వ్రాసుకోవాలి. వేలు ఎక్కడ ఆగింది? ఏ మాట దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి? ఇందులో అన్నిటికన్న కష్టమైనది మౌనం. తాము గీసినది ఎదుటివారికి అర్థంకాకపోతే "అది కాదండీ, పైన చూడండి" అని చెప్పాలనిపిస్తుంది. రేపు ఆ ఫోను పక్కన నిలిచి చెప్పడానికి విద్యార్థి ఉండడు కదా! ఐదుగురితో పరీక్షించినా లోపాలలో అధికభాగం బయటపడుతుందని డెన్మార్కుకు చెందిన నిపుణుడు యాకోబ్ నీల్సన్ 2000లో వ్రాశాడు. ఆ ఐదుగురూ తరగతి మిత్రులైతే ప్రయోజనం లేదు.

తెలుగులో పనిచేసేవారికి మరికొన్ని చిక్కులు ఎదురవుతాయి. ఆంగ్లాక్షరాల కొలతతో వరుసల మధ్య ఎడం నిర్ణయిస్తే మన గుడులు, వత్తులు తెగిపోతాయి. 'స్త్రీ' వంటి అక్షరానికి పైనా కిందా చోటు కావాలి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులున్న పాశ్చాత్య పద్ధతి పత్రంలో ఏది ఎక్కడ వ్రాయాలో తెలియక, ఒకే వ్యక్తి పేరు రెండు ధ్రువపత్రాలలో రెండు విధాలుగా నమోదవుతుంది. విద్యార్థివేతనం నుండి పాస్‌పోర్టు దాకా ఆ తేడా వెంటాడుతుంది. ఇక మీటపై వ్రాసే మాట సంగతి. 'సమర్పించు' శుద్ధమైన తెలుగే, కాని బస్టాండులో నిలుచున్నవారికి 'పంపండి' అంటే త్వరగా తెలుస్తుంది. 'క్యాన్సిల్' అనాలా, 'రద్దు' అనాలా అన్నది నిఘంటువు తేల్చే విషయం కాదు. రెండు కాగితాలు గీసి చూపించి తెలుసుకోవలసినదే.

కొత్త తెర గీయకపోవడం కూడా కొన్నిసార్లు మంచి రూపకల్పన అవుతుంది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరిట 161 సేవలను వాట్సాప్ ద్వారా ప్రారంభించింది. ఆ తెరను ప్రజలు అప్పటికే బంధువులతో మాట్లాడుకోవడానికి వాడుతున్నారు. కొత్తగా నేర్వవలసినది ఆ మేరకు తగ్గింది. అయితే పట్టికలో తనకు కావలసిన సేవ ఏ పేరుతో ఉన్నదో కనుగొనడమనే పని మిగిలే ఉంటుంది. నంద్యాలలోని ఏ కళాశాల విద్యార్థులైనా ఒక మధ్యాహ్నం నలుగురు పెద్దలను కూర్చోబెట్టి దీనిని పరిశీలించి చూడవచ్చు.

ఆళ్ళగడ్డ బస్టాండు ప్రాజెక్టులో ఇంకొక మెట్టు ఉన్నది. లోపాలు దిద్ది కొత్త కాగితాలు గీసిన తరువాత మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. కాని మొదటిసారి చూపిన ప్రయాణికులకే చూపరాదు. వారికి దారి తెలిసిపోయి ఉంటుంది. తెర బాగుపడిందో లేదో వారి వేలు చెప్పలేదు. ఎన్నడూ చూడని మరో ఐదుగురిని వెదకి, పెన్సిలు గీతలున్న ఆ కాగితాన్ని వారి చేతిలో పెట్టి, మళ్ళీ మౌనంగా నిలబడాలి.