ఏ ఆవుకు ఏ ఆబోతు?

మన దేశంలో ఆవులను పాడి కోసమూ, ఎద్దులను సేద్యం కోసమూ పెంచటం అలవాటు. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో మాంసం కోసమే ప్రత్యేకంగా పశువులను పెంచుతారు. అక్కడ ఒక్కొక్క రైతుకు వందలకొద్దీ, ఒక్కొక్కచోట వేలకొద్దీ ఆవులుంటాయి. ఆ రైతు తేల్చుకోవలసిన పెద్ద ప్రశ్న ఒకటున్నది. తన ఆవులకు ఏ జాతి ఆబోతును తేవాలి?

ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది. కాని ఒక ఆబోతు ఏడాదిలో ఇరవై ముప్ఫై దూడలకు తండ్రి అవుతుంది. ఆవును ఎంచటంలో పొరపాటు జరిగితే ఒక దూడ చెడుతుంది. ఆబోతును ఎంచటంలో జరిగితే ఆ ఏటి దూడలన్నీ చెడతాయి. కొన్ని ఆవులు ప్రాణాలు కూడా పోగొట్టుకుంటాయి.

మంచి కండగల, చూడముచ్చటైన ఆబోతును తెస్తే సరిపోదా అని మీకు తోచవచ్చు. వెనక టెక్సాసు రైతులకు కూడా అట్లాగే తోచింది.

టెక్సాసు రాష్ట్రం అమెరికాకు దక్షిణాన వున్నది. అక్కడి ఎండలు మన రాయలసీమ ఎండలకు తీసిపోవు. ఆ ప్రాంతంలో 1853లో రిచర్డ్ కింగ్ అనే ఆయన ఒక పశువుల క్షేత్రం ఆరంభించాడు. దాని పేరు కింగ్ రాంచ్. ఆ రోజుల్లో మాంసపు పశువులంటే ఇంగ్లండు పశువులే గొప్పవని పేరు. ఎర్రని షార్ట్‌హార్న్‌లూ, తెల్లమొహం గల హెరిఫర్డ్‌లూ తెప్పించారు. చల్లని దేశంలో, పచ్చగడ్డిలో పుట్టి పెరిగిన ఆ పశువులు టెక్సాసు ఎండకు రొప్పుతూ, నీడ వెతుక్కుంటూ చిక్కిపోసాగాయి. ఎండకు తోడు గోమార్లు. వీటినే కొన్ని ఊళ్ళలో పిడుదులంటారు. గోమార్లు పట్టిన పశువులకు ఒక వింత జ్వరం వచ్చేది. మూత్రం ఎర్రగా పోసి పశువు పడిపోయేది. దానికి టెక్సాసు జ్వరమని పేరు వచ్చింది. ఈ జ్వరాన్ని మోసుకొచ్చేవి గోమార్లేనని 1893లో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రుజువు చేశారు. మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమకూ మలేరియాకూ గల సంబంధాన్ని కనిపెట్టటానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది.

అప్పుడు అమెరికావాళ్ళ దృష్టి మూపురంగల మన పశువుల మీద పడింది. ఆంధ్రదేశపు ఒంగోలు, గుజరాతు నుంచి కాంక్రేజి, గిర్, ఇంకా కృష్ణాలోయ జాతి, వీటన్నిటినీ కలిపి వాళ్ళు ఒక జాతిని తయారుచేశారు. దానికి బ్రాహ్మన్ అని పేరు పెట్టారు. మూపురం పశువుకు ఎండ ఎందుకు బాధించదో తెలుసా? దాని వెంట్రుకలు పొట్టిగా, నున్నగా వుంటాయి. చర్మం వదులుగా వేలాడుతుంది, గంగడోలు చూశారుగదా! చెమటగ్రంథులు పెద్దవి. పైగా దాని ఒంట్లో పుట్టే వేడి కూడా తక్కువే. గోమార్లను సీమ పశువుల కంటె బాగా తట్టుకుంటుంది.

కింగ్ రాంచ్ వాళ్ళు షార్ట్‌హార్న్ ఆవులకు ఈ మూపురం రక్తం కలిపి చూశారు. అట్లా 1920లో ఒక ఎర్రని కోడెదూడ పుట్టింది. దాని పేరు మంకీ, అంటే కోతి! పేరుకు కోతి అయినా అది పెద్దదయాక దాని దూడలన్నీ దానిలాగే ఎర్రగా, బలంగా వచ్చాయి. ఆ ఒక్క ఆబోతు సంతతి నుంచి శాంటా గెర్ట్రూడిస్ అనే కొత్త జాతి ఏర్పడింది. అందులో సుమారు ఎనిమిదింట మూడు వంతులు మూపురం రక్తం, అయిదు వంతులు షార్ట్‌హార్న్ రక్తం. అమెరికా ప్రభుత్వం 1940లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

రెండు జాతులను కలిపితే వచ్చే లాభం ఎండను తట్టుకోవటంతో ఆగదు. ఆడగుర్రానికీ మగగాడిదకూ పుట్టిన కంచరగాడిద తల్లిదండ్రులిద్దరి కంటె మొండిగా పనిచేస్తుందని మీరు వినే వుంటారు. పశువుల్లోనూ ఇంచుమించు అటువంటిదే జరుగుతుంది. ఒకే జాతిలో తరతరాలుగా సంబంధాలు కలుపుతూ పోతే ఆ జాతిలో దాగివున్న లోపాలు బయటపడతాయి. వేరే జాతి ఆబోతు వచ్చినప్పుడు తల్లివైపు లోపాన్ని తండ్రివైపు గుణం కప్పేస్తుంది. దూడ చురుకుగా పెరుగుతుంది, రోగాలను తట్టుకుంటుంది. దీన్ని సంకర బలం అంటారు. రెండు జాతులు ఎంత దూరపువైతే బలం అంత ఎక్కువ. మూపురం పశువూ సీమ పశువూ చాలా దూరపు చుట్టాలు.

కంటికి కనిపించే ఒక వింత కూడా చెబుతాను. స్కాట్లండులో అంగస్ అనే జాతి వున్నది. నల్లగా వుంటుంది, కొమ్ములుండవు. అంగస్ ఆబోతును కొమ్ములుగల ఎర్రని హెరిఫర్డ్ ఆవుతో కలిపితే పుట్టే దూడ ఒళ్ళంతా నలుపు, మొహం తెలుపు, కొమ్ములు లేవు! నలుపు ఎరుపును కప్పేసింది. కొమ్ములేనితనం కొమ్ములను కప్పేసింది. తెల్లమొహం మాత్రం తల్లిది. మెండెల్ బఠానీ మొక్కలలో కనిపెట్టిన సూత్రం ఈ దూడ మొహం మీద రాసివున్నదన్నమాట.

ఇక అసలు చిక్కు వున్నది. ఫ్రాన్సు దేశపు షారొలే జాతి ఆబోతు తెల్లగా, కొండలాగా వుంటుంది. వెయ్యి కిలోలు దాటి తూగుతుంది. దాని దూడలు వేగంగా పెరుగుతాయి. రైతు ఆశపడి దాన్ని తన మందలోకి వదిలాడనుకోండి. పెద్ద ఆవులకు ఫరవాలేదు. కాని మందలో తొలిచూలు పెయ్యలున్నాయే, వాటి మాటేమిటి? రెండేళ్ళ పెయ్యకు కటి ఇంకా పూర్తిగా విచ్చుకోదు. కడుపులో దూడ పెద్దదైతే ఈనలేక గంటలతరబడి అవస్థపడుతుంది. ఒక్కొక్కప్పుడు దూడ పోతుంది, తల్లీ పోతుంది. అందుకని తెలిసినవాళ్ళు పెయ్యలకు అంగస్ వంటి చిన్న దూడలనిచ్చే ఆబోతును వేరే వుంచుతారు. పెద్ద ఈతల ఆవులకే షారొలే. ఆబోతును కొనేటప్పుడు దాని కండలు చూడటంతో సరిపెట్టుకోరు. దానికి పుట్టిన దూడలు పుట్టినప్పుడు ఎంత తూగాయి, ఎన్ని ఆవులు సులువుగా ఈనాయి అన్న లెక్కలు చూస్తారు. నన్నడిగితే, కండల కంటె ఈ లెక్కలే ముఖ్యం.

ఇందులో మరొక విచిత్రం. హెరిఫర్డ్ ఆవుకు బ్రాహ్మన్ ఆబోతు వల్ల పుట్టిన దూడ పెద్దగా, బరువుగా వుంటుంది. అదే బ్రాహ్మన్ ఆవుకు హెరిఫర్డ్ ఆబోతు వల్ల పుడితే దూడ చిన్నగా వుంటుంది. కలిసిన జాతులు రెండూ అవే! తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నదే తేడా. మగదూడల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అందుచేత మూపురం ఆవులున్న రైతు సీమ ఆబోతును నిశ్చింతగా వాడవచ్చు. సీమ పెయ్యలున్న రైతు మూపురం ఆబోతును తెచ్చేముందు బాగా ఆలోచించాలి.

మూపురం ఆవులు బ్రెజిల్‌లో చాలా ఎక్కువగా వున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మన ఒంగోలు జాతివే. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఒక ఓడ సాల్వడార్ రేవులో ఆగితే, అందులోని ఒక జత ఒంగోలు పశువులు అక్కడే అమ్ముడుపోయాయి. 1878లో లెంగ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గు జంతుప్రదర్శనశాలలో ఈ పశువులను చూసి, మోజుపడి, ఒక జతను తన దేశానికి తీసుకుపోయాడు. 1960 తరువాతి సంవత్సరాలలో మరికొన్నిటిని ఓడల మీద తీసుకుపోయి, రోగాలేవీ అంటకుండా, సముద్రం మధ్య ఫెర్నాండో ది నోరోన్యా అనే దీవిలో కొన్నాళ్ళు వుంచి, ఆ తరువాత దేశంలోకి వదిలారు. వాటిలో పేరుపడ్డ ఒక ఆబోతు పేరు కరవది. ఒంగోలు దగ్గిర కరవది గ్రామం వున్నదిగదా, ఆ పేరే! ఒంగోలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలో వుండేది గనక ఆ దేశస్థులు ఈ జాతిని నెలోర్ అంటారు. ఇప్పుడు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు పైగా పశువులున్నాయి. అందులో ఎక్కువ భాగం నెలోర్ రక్తం కలవే.

నెలోర్ మాంసం కొంచెం గట్టిగా వుంటుంది. మెత్తని మాంసానికి ధర ఎక్కువ. అందుకు అంగస్ తగిన జాతి. కాని నల్లని అంగస్ ఆబోతు బ్రెజిల్ మైదానాల ఎండలో ఆవుల వెంట తిరగలేదు, నీడపట్టున నిలబడిపోతుంది. దీనికి విరుగుడు 1949లో ఇంగ్లండులో దొరికింది. గ్లిసరిన్ కలిపితే బీజం గడ్డకట్టినా చావదని అక్కడి శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఇప్పుడు ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల కిందటి చలిలో, ఆ బీజాన్ని ఏళ్ళతరబడి దాచి వుంచుతారు. ఆబోతు చల్లని చోటనే వుంటుంది. దాని బీజం మాత్రం వేలమైళ్ళు ప్రయాణం చేసి నెలోర్ ఆవులకు చేరుతుంది. పుట్టిన దూడ నల్లగా వుంటుంది, తల్లిలాగా ఎండకు ఓర్చుకుంటుంది, తండ్రిలాగా త్వరగా కండపడుతుంది. పుట్టినప్పుడు చిన్నదే గనక తల్లికి బాధ వుండదు.

అట్లా అయితే ఆవులన్నిటికీ అంగస్ బీజమే వేయించవచ్చునా? వేయిస్తే మరో తరానికి నెలోర్ తల్లులుండవు. సంకర దూడలను తమలో తాము కలిపితే సంకర బలం సగానికి సగం తగ్గిపోతుంది. కొందరు సంకర పెయ్యలకు మూడవ జాతి ఆబోతును తెస్తారు. కాని ఎవరో ఒకరు నెలోర్ ఆవులకు నెలోర్ ఆబోతునే కలుపుతూ అసలు జాతిని నిలబెడుతూ వుండాలి. బ్రెజిల్‌లో ఈ పనికి ప్రత్యేకంగా పెద్ద పెద్ద మందలున్నాయి.

ఆ జాతి పుట్టిన మన చోట ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుల అవసరం తగ్గి, ఒంగోలు పశువులు పలచబడ్డాయి. గుంటూరు దగ్గిర లాం ఫారంలోనూ, ప్రకాశం జిల్లా చదలవాడ ఫారంలోనూ వాటిని జాతి చెడకుండా పెంచుతున్నారు. అటు వెళ్ళినప్పుడు ఆబోతును చూడండి. ఒళ్ళు తెల్లగా వున్నా మెడా మూపురమూ బూడిదరంగు తిరిగి వుంటాయి, కొమ్ములు పొట్టివి, గంగడోలు మడతలుమడతలుగా వేలాడుతుంది.