ఒంటరి మొర, సంఘ ప్రార్థన: ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంత క్రైస్తవ అనుభవం

సామూహిక ప్రార్థన వ్యక్తిగత భక్తిని పలచబరుస్తుందన్న అభిప్రాయం ఒకటున్నది. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంత చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యమిస్తుంది. నందిగామ ప్రాంతపు రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య విగ్రహారాధన విడిచి, పేరెరుగని దేవుణ్ణి తనకు కనబడమని ఒంటరిగా వేడుకొనేవారని మిషన్ రచనలు చెబుతాయి. 1859లో ఆయన బెజవాడలో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన టి.వై. డార్లింగ్‌ను కలిసి, బాప్తిస్మం పొందారు. ఆయన వెంట బంధువులూ, ఇరుగుపొరుగు మాల కుటుంబాలూ నడవడంతో ఆ ఒంటరి మొర సంఘమైంది.

జగ్గయ్యపేట, నందిగామ పరిసరాల గృహ ప్రార్థన కూటాలలో కీర్తన, వాక్యపఠనం, సాక్ష్యం, ఒక్కొక్కరి మనవి వరుసగా సాగుతాయి. చదువురాని వ్యక్తి సైతం ప్రార్థన భాషను చెవితోనే నేర్చుకొంటాడు. పొరుగింటి రోగి పేరో, దూరదేశానికి కూలికి వెళ్లిన కొడుకు పేరో కూటంలో విన్నవారు రాత్రి ఇంట మోకరించినప్పుడు ఆ పేర్లనూ తలచుకొంటారు. సొంత అవసరాల వరకే ఉన్న మనవి ఇతరులకై చేసే విజ్ఞాపనగా విస్తరించేది ఇక్కడే.

ప్రమాదమూ లేకపోలేదు: అలవాటైన పదబంధాలు వట్టి పునరుక్తిగా మిగలవచ్చు, పదిమంది మెప్పుకై గొంతు పెరగవచ్చు. మత్తయి సువార్త 6వ అధ్యాయం గది తలుపు మూసి ప్రార్థించమన్నది ఇందుకే. అయితే అదే అధ్యాయం నేర్పిన ప్రార్థనలో సంబోధన ‘నా తండ్రీ’ కాదు, ‘మా తండ్రీ’. వినేవారిని కలుపుకొనే ‘మన’కూ, కలుపుకొనని ‘మా’కూ భేదమున్న తెలుగులో ఇది మరింత స్పష్టం: వినేవాడు దేవుడు, తలుపు మూసిన గదిలోని ఒక్కడు తనవారందరి పక్షాన మాట్లాడుతున్నాడు.