రోడ్డు మీద కరెంటు పండుతుందా?

ఎండకు మాడే రోడ్డే కరెంటు పుట్టిస్తే? వీధి దీపాలు దాంతోనే వెలిగితే? వినడానికి భలేగా ఉంది కదూ! అలాగే అనుకుని కోట్లు ఖర్చు పెట్టిన దేశాలు ఉన్నాయి. వాటికి ఏమైందంటే...

అది ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతం. టురూవ్ర్‌ అనే చిన్న ఊరు. 2016 డిసెంబరులో ఆ దేశ పర్యావరణ మంత్రి సెగొలెన్‌ రోయాల్‌ స్వయంగా వచ్చి ఓ రోడ్డును ప్రారంభించారు. కిలోమీటరు పొడవున్న ఆ రోడ్డు మీద 2,800 చదరపు మీటర్ల మేర సోలార్‌ పలకలు పరిచారు. పాత రోడ్డు మీదే వాటిని అతికించి, పైన బండి జారకుండా గట్టి పూత పూశారు. ఖర్చు 50 లక్షల యూరోలు! అయిదేళ్లలో వెయ్యి కిలోమీటర్ల సోలార్‌ రోడ్లు వేస్తామని అంతకు ముందే ప్రకటించారు కూడా. ఊళ్లకు ఊళ్లు వీధి దీపాలు ఈ కరెంటుతోనే వెలుగుతాయని ఆశపడ్డారు.

రెండేళ్లు తిరిగేసరికి ఆ ఆశ ఆవిరైంది. రోజుకు 750 యూనిట్లకు పైగా వస్తుందనుకుంటే 2017 ఏడాది మొత్తానికి వచ్చింది సుమారు లక్షా యాభై వేల యూనిట్లు. అంటే అనుకున్నదాంట్లో సగం కన్నా కాస్త ఎక్కువ. 2018లో అదీ సగానికి పడిపోయి 78 వేలకు చేరింది. పలకలు ఊడిపోయాయి, పగిలిపోయాయి. కొంత భాగాన్ని బాగుచేయలేక పెకలించి పారేశారు. మరోవైపు బండ్లు వెళ్తుంటే ఒకటే మోత. అది భరించలేక వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించాల్సి వచ్చింది. చివరికి 2024లో రోడ్డు మీది పలకల్ని తీసేశారు.

తలో ప్రయత్నం

ఫ్రాన్స్‌ ఒక్కటే కాదు. అంతకన్నా ముందే 2014లో నెదర్లాండ్స్‌లోని క్రొమ్మెనీలో 70 మీటర్ల సైకిల్‌ దారిని సోలార్‌ పలకలతో వేశారు. సైకిళ్లే కాబట్టి బరువు బాధ లేదు. మొదటి ఆరు నెలల్లో 3 వేల యూనిట్లు వచ్చాయి. అయితే తొలి చలికాలంలోనే పైపూత కొంత లేచిపోయింది. అదే ఏడాది అమెరికాలో స్కాట్‌, జూలీ బ్రుసా దంపతులు ఆరు పలకల ఆకారంలో గాజు పలకలు చూపించి, వాటితో రోడ్లు వేస్తామంటే జనం చందాల రూపంలో 22 లక్షల డాలర్లు ఇచ్చారు. మంచు కరిగించేందుకు హీటర్లు, గీతలు చూపించేందుకు లైట్లు... అన్నీ అందులోనే! తీరా 2016లో ఐడహో రాష్ట్రంలోని వాళ్ల ఊరి కూడలిలో జనం నడిచే చోట పరిచింది 30 పలకలు.

చైనా సంగతి మరీ చిత్రం. 2017 డిసెంబరు చివర్లో జినాన్‌ నగరంలో కిలోమీటరు మేర ఎక్స్‌ప్రెస్‌వే మీద పలకలు పరిచారు. వారం తిరక్కుండానే ఒకటి మాయమైంది. దొంగలు ఎత్తుకుపోయారని అప్పట్లో వార్తలొచ్చాయి!

తప్పు ఎక్కడుంది?

సోలార్‌ పలకకు కావలసినవి మూడే... మంచి ఎండ, కాస్త గాలి, శుభ్రత. రోడ్డు మీద ఈ మూడూ కష్టమే. డాబా మీద పలకను సూర్యుడి వైపు వాల్చి పెడతారు. రోడ్డు మీద పడుకోబెట్టాల్సిందే. మన దగ్గర సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వస్తాడు కాబట్టి ఈ నష్టం తక్కువ. నార్మండీలాంటి చోట చాలా ఎక్కువ.

అలాగని మనకు లాభమా అంటే అదీ కాదు. పలక వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. డాబా మీదైతే కింద నుంచి గాలి ఆడుతుంది. రోడ్డుకు అతికిస్తే ఆ వీలుండదు. మన రోహిణి కార్తె ఎండల్లో రోడ్డు ఎలా కాలుతుందో చెప్పక్కర్లేదు. ఇక దుమ్ము, ఆయిలు మరకలు, ఆకులు, వెళ్లే బండ్ల నీడ. పండగ లైట్ల తోరణంలో ఒక్క బల్బు పోతే మిగతావీ ఆరిపోతాయి చూడండి, దాదాపు అలాగే పలకలో కొంత భాగం మీద నీడ పడినా మిగతా భాగం నుంచి వచ్చే కరెంటూ తగ్గుతుంది.

అన్నిటికన్నా పెద్ద సమస్య బరువు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డు దెబ్బతినడం సుమారు పదహారు రెట్లు అవుతుందని ఇంజినీర్ల లెక్క. దాన్ని తట్టుకోవాలంటే పూత మందంగా ఉండాలి. మందం పెరిగితే లోపలికి వెలుతురు తగ్గుతుంది! పైగా పైపుల కోసం, కేబుళ్ల కోసం రోడ్డు తవ్విన ప్రతిసారీ ఈ పలకల్ని విప్పాలి. మన వీధుల్లో ఆ పని ఎన్నిసార్లు పడుతుందో అందరికీ తెలిసిందే.

కింద కాదు, పైన!

అలాగని రోడ్డుకూ సూర్యుడికీ పొత్తు కుదరదని కాదు. పలకల్ని కాళ్ల కింద కాకుండా తల మీద పెడితే సరి. దక్షిణ కొరియాలో డేజియాన్‌, సెజాంగ్‌ నగరాల మధ్య రహదారి నడుమ సైకిల్‌ దారి ఉంది. దానికి సోలార్‌ కప్పు వేశారు. హైదరాబాద్‌లోనూ ఔటర్‌ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైకప్పులోని పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. వాటి మీదకు లారీ ఎక్కదు, కింద గాలి ఆడుతుంది, తుడవడం తేలిక. సైకిలు తొక్కేవాళ్లకు ఎండా వానా తగలవు. గుజరాత్‌లో 2012లోనే నర్మదా కాలువ మీద పలకలు పరిచి చూపించారు. భూమి కొనక్కర్లేదు, నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

ఊళ్లలో ఖాళీగా ఎండుతున్న డాబాలు, బస్టాండ్ల కప్పులు, గోదాముల రేకులు ఎన్ని లేవు! అవన్నీ నిండాక కదా రోడ్డు వంతు...