ఏటి ఒడ్డున విడిది – ఇల్లు చేరాక జ్వరం

మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల కుటుంబాలు సెలవుల్లో మారేడుమిల్లి అడవులకు వెళ్లి, ఏటి ఒడ్డున గుడారాల్లో బస చేసి వస్తున్నాయి. పిల్లలకు అదొక పండుగే. అయితే ఆ మన్యంలో మలేరియా ఉంది. దోమ కుట్టిన నాడు ఏమీ తెలియదు. ఫాల్సిపారం రకం జ్వరం సాధారణంగా 7 నుండి 14 రోజులకు, అంటే పిల్లలు తిరిగి బడికి వెళ్తున్నప్పుడు మొదలవుతుంది. వైవాక్స్ అయితే నెలల తరువాత కూడా రావచ్చు. అప్పటికి ఏటి ఒడ్డు ఎవరికి గుర్తుంటుంది? పారాసిటమాల్ వేసి రెండు రోజులు చూద్దామనుకుంటారు. ఫాల్సిపారం అంత వ్యవధి ఇవ్వకపోవచ్చు, మెదడుకూ సోకవచ్చు. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించండి. అడవికి వెళ్లి వచ్చామని డాక్టరుగారు అడగకపోయినా మీరే చెప్పండి. (దోమలో మలేరియా క్రిమిని 1897లో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే!) గుడారంలో దోమతెర, పొద్దు వాలితే నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గర్భిణులు ఇలాంటి విడిదికి వెళ్లకపోవడమే మేలు.