వంటగట్టునకు ఏ బండ?

ఆదోని కోటను మోయుచున్న కొండలు గ్రానైటు జాతివి. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న పదార్థము చల్లారి గట్టిపడగా ఆ రాయి ఏర్పడినది. మన అవ్వలు చింతకాయ తొక్కు దంచిన రోళ్లును ఆ జాతి రాతివే. తరతరములుగా పులుపు తగిలినను వాని ముఖము చెడలేదు.

అదే చింతపండు పులుసు నేడు వంటగట్టుమీది నున్నని నల్లబండపై ఒలికినచో, కొన్ని యిండ్లలో తెల్లవారునప్పటికి తెల్లని మచ్చ తేలుచున్నది. గృహిణి సబ్బుతో రుద్దును, పీచుతో రుద్దును, తుదకు యాసిడు తెప్పించును. మచ్చ పెరుగునే గాని తరుగదు. కూడబెట్టిన సొమ్ముతో కట్టించుకొన్న గట్టు ఏడాది తిరుగకముందే వెలవెలబోవును. ఇందు గృహిణి తప్పు లేదు. కొనునప్పుడు రాతి జాతి తెలియకపోవుటయే కారణము.

మన ప్రాంతమున గట్లకు వాడు బండలు ముఖ్యముగా రెండు జాతులవి. ఒకటి గ్రానైటు, రెండవది నాపరాయి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతముల గనులనుండి వచ్చునది నాపరాయి. ఆ యూళ్లు మొదట కర్నూలు జిల్లాలోనివే. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినపుడు అందు చేరినవి. కడప బండ యని పేరొందిన నల్లరాయియు ఈ జాతిదే. ప్రాచీన సముద్రగర్భమున సున్నపు ఒండ్రు పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడినది గనుకనే ఇది పలకలుగా చీలును.

నాపరాతిలో ప్రధానమైనది కాల్షియం కార్బొనేటు. పాలరాతిలోనిదియు అదియే. చింతపండు, నిమ్మపండు, మజ్జిగ, వీనియందు ఆమ్లము కలదు. అది తగిలినచోట సున్నపు పదార్థము కరగి మెరుగు పోవును. కావున ఆ తెల్లమచ్చ పైకి అంటిన మరక కాదు, రాతికి తగిలిన గాయము. దానిని కడిగి పోగొట్టలేము. మరల మెరుగు పట్టించవలసినదే. గ్రానైటులోని ఖనిజములకు వంటింటి పులుపువలన భయము లేదు.

దుకాణములో ఈ రెండును ఒక్క తీరుగానే మెరయవచ్చును. అందుచేత బేరమునకు ముందే ఒక తునక అడిగి తెచ్చుకొనుడు. మెరుగుపెట్టిన ముఖముపై నిమ్మరసము ఒక చుక్క వేసి, పావుగంట పిదప తుడిచి, వెలుతురున ఏటవాలుగా చూడుడు. ఆ చోటు మసకబారినచో అది సున్నపురాయి. మరియొకచోట నీటిచుక్కను, నూనెచుక్కను ఉంచుడు. రాయి అచ్చట నల్లబడినచో పీల్చుకొనుచున్నదని గ్రహించి, సీలరు పూయించవలెను. కారునలుపు గ్రానైటును, గోళ్లరంగు తుడుచు అసిటోనుతో తడిపిన తెల్లగుడ్డతో రుద్దుడు. గుడ్డకు నలుపు అంటినచో ఆ రంగు రాతిది కాదు, పూసినది. రంగునూలును తడిపి చూచి గాని నమ్మని ఎమ్మిగనూరు నేతవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు.

నాపబండ పనికిరాదని మేము చెప్పుట లేదు. నేలకును, అలమార అరలకును అది మిగుల అనుకూలము. గట్టుకు వేసికొన్నవారు నిమ్మకాయ కోయుటకు చెక్కపలకను వాడవలెను. ఒలికిన పులుసును వెంటనే తుడువవలెను. బండ ఏదైనను వేడిగిన్నె క్రింద చుట్టకుదురు ఉండుట మేలు. దినదినమును నాలుగు చుక్కల మెత్తని సబ్బునీరు, నూలుగుడ్డ, పిదప పొడిగుడ్డ చాలును. వేరుశెనగ నూనె ఇంకినచోట తినుసోడాను నీటితో ముద్దగా కలిపి పట్టించి, కప్పియుంచి, మరునాడు తీసివేయుడు. ఒకమారు చాలకున్నచో మరల చేయవచ్చును.

స్నానపుగదిలో చిక్కు మరియొకటి. బోరునీరు చవుడుగానున్న యిండ్లలో నీరు ఆరినచోటనెల్ల తెల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చును చాలవరకు కాల్షియం కార్బొనేటే. దానిని కరగించు యాసిడు క్రిందనున్న నాపరాతినిగూడ కరగించును; రెంటికిని భేదము చూడదు. స్నానమైన పిదప బండను పొడిగా తుడుచుటయే దీనికి మేలైన ఉపాయము. యాసిడును బ్లీచింగు పొడితో ఎన్నడును కలుపరాదు. ప్రాణాపాయకరమైన క్లోరిను వాయువు వెలువడును.

బండను కోయు పనివారి మాట కూడ తలపవలసియున్నది. సింకు కొరకు బండను ఇంటి వాకిటనే పొడిగా కోయించినచో ధూళి కమ్ముకొనును. గ్రానైటు ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరినచో సిలికోసిస్ అను నయముకాని వ్యాధి కలుగును. సిలికా మిక్కిలి హెచ్చుగానుండు కృత్రిమపు క్వార్ట్జు బండలను, కోతపనివారి ప్రాణములను కాపాడుటకై, ఆస్ట్రేలియా దేశము 2024 జూలై 1 నుండి నిషేధించినది. నీరు పోయుచు కోయుమనియు, ముఖమునకు తగిన మాస్కు ధరింపుమనియు మనము పట్టుబట్టవలెను. పిల్లలను ఆ దాపులకు పోనీయరాదు.

గట్టు ఒకమారు అమర్చిన పిదప మార్చుట కష్టము. బండ తునక, నిమ్మచెక్క, పావుగంట ఓపిక, ఈ మూడును ముందే సమకూర్చుకొన్నవారు పిదప చింతింపనక్కరలేదు.