పైకి పెద్ద చక్రం, లోపల చిన్న రిమ్ము

చౌమహల్లా ప్యాలెస్ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆ పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర ఆగకుండా రారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి చేయించిన బండి అది. 1911లో ఆయన కాలం చేశారు. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్ మోడల్ కారును అందుకున్నది కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. వెనక సీటును సింహాసనంలా ఎత్తుగా కట్టించారు కాబట్టి అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ఈసారి వెళ్తే కాస్త వంగి చక్రాలు చూడండి. ఆ కాలపు పెద్ద కార్ల చక్రాలు ఇంచుమించు మూడడుగుల ఎత్తుండేవి. ఇప్పుడు మన గల్లీల్లో తిరిగే చిన్న కార్ల చక్రం రెండడుగులే.

ఆ ఒక్క అడుగు తేడా వల్ల ఏమొస్తుందో ఒక లెక్క చెప్తాను. రోడ్డు మీద 30 సెంటీమీటర్ల పొడవున్న లోతైన గుంత ఉందనుకోండి. పది అంగుళాల రిమ్మున్న స్కూటర్ చక్రం టైరుతో కలిపి 43 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. అది ఆ గుంతలోకి 6 సెంటీమీటర్లు దిగుతుంది. 62 సెంటీమీటర్ల కారు చక్రం 4 సెంటీమీటర్ల లోపే దిగుతుంది. నిజాంగారి కారులాంటి 90 సెంటీమీటర్ల చక్రమైతే రెండున్నర చాలు. చక్రం పెద్దదయ్యేకొద్దీ దాని వంపు చదునవుతుంది. అందుకే అడుగుదాకా దిగకముందే రెండు వైపులా అంచుల మీద ఆనుకుంటుంది.

ఇది విన్న మా మనవడు ఊరుకుంటాడా? "నేను చెప్పేదీ అదే కదా తాతా! మన డిజైర్ కారుకు 17 అంగుళాల అల్లాయ్‌లు వేయిద్దాం. ఇప్పుడున్నవి 14వే కదా" అన్నాడు. వాడి వయసు పిల్లలు చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. వాడు చెప్పే 17 రిమ్ము కొలత. రోడ్డును తాకేది రిమ్ము కాదు, టైరు.

"టైరు పక్కన ఏం రాసుందో చదువు బిడ్డా" అన్నాను. 165/80 ఆర్14 అని ఉంది. ఇందులో 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే ఆ వెడల్పులో నూటికి ఎనభై వంతులు. రిమ్ము అంచు నుంచి రోడ్డుదాకా ఉండే రబ్బరు ఎత్తు అది, 132 మిల్లీమీటర్లు. 14 రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు మూడూ ఒకే వరుసలో ఉండటంతోనే జనం తికమక పడతారు. మధ్యలో ఉన్న ఆర్ రేడియల్‌కు గుర్తు. టైరు లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా సాగుతాయన్నమాట. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. పక్కలు బాగా వంగుతాయి, నేలను తాకే పట్టీ మాత్రం గట్టిగా ఉంటుంది.

ఇక కాగితం మీద కూడదాం రండి. 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు. పైన ఒక 132, కింద ఒక 132 కలిపితే మొత్తం చక్రం దాదాపు 620. అదే కారు పై మోడళ్లకు కంపెనీ 185/65 ఆర్15 ఇస్తుంది. దాని రబ్బరు ఎత్తు 120, మొత్తం 621. షోకుకు కొందరు వేయించుకునే 195/55 ఆర్16కు రబ్బరు 107, మొత్తం మళ్లీ 621. మావాడు ముచ్చటపడిన 17 అంగుళాల రిమ్ముకు సరిపోయేది 205/45 టైరు. రబ్బరు 92, మొత్తం 616. అంకెలన్నీ రాసేసరికి వాడే చూసుకున్నాడు: 17 రిమ్ముతో చక్రం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగలేదు, పైపెచ్చు కొద్దిగా తగ్గింది. చక్రం గూడులో పట్టాలి, స్పీడోమీటరు సరిగ్గా చూపించాలి కాబట్టి పై కొలతను మనం మార్చలేం. రిమ్ము పెరిగిందంటే ఆ మేరకు రబ్బరే తగ్గాలి. 132 నుంచి 92కు, అంటే నాలుగు సెంటీమీటర్ల మెత్తదనం పోయినట్టే.

ఆ నాలుగు సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. చెట్టు మీంచి ఎవరైనా జామకాయ విసిరితే చేతులు కాస్త వెనక్కి తీసుకుంటూ పడతాం. కాయ మోసుకొచ్చిన వేగం అంతే అయినా, ఆగడానికి కాస్త దూరం దొరికితే అరచేతికి దెబ్బ తగలదు. గుంత అంచు తగిలినప్పుడు చక్రానికీ ఇదే జరుగుతుంది. ఆ దెబ్బను మొదట అందుకునేది స్ప్రింగూ కాదు, షాకబ్జార్లూ కాదు. టైరులోని గాలీ, వంగే పక్కలూ. ఎత్తైన టైరుకు వంగడానికి చోటుంటుంది. పొట్టి టైరు కొద్దిగా వంగేసరికే గట్టిపడుతుంది, మిగిలిన దెబ్బ నేరుగా సీటుకూ నడుముకూ చేరుతుంది.

ఆ గాలి చేసే పనిని దగ్గర్నుంచి చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. మనుషులతో కలిపి చిన్న కారు 1,200 కిలోలనుకుంటే ఒక్కో చక్రం మీద 300 కిలోలు. 33 పీఎస్ఐ గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల ఒత్తిడి. భాగిస్తే 130 చదరపు సెంటీమీటర్లు, అంటే వేళ్లు దగ్గరగా చాపిన మన చెయ్యంత. కారు మొత్తం రోడ్డు మీద నిలబడేది అలాంటి నాలుగు అచ్చుల మీదే. బ్రేకు పడేదీ, మలుపు తిరిగేదీ, రాయిని మింగి కుదుపు తగ్గించేదీ ఆ జాగాలోనే.

ఇలా గాలి మీద బండిని మోయించాలన్న ఆలోచనకు రాబర్ట్ థామ్సన్ 1845లోనే పేటెంటు తీసుకున్నాడు, కానీ అప్పట్లో అది ముందుకు సాగలేదు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో ఉన్న పశువుల డాక్టరు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించాలని మళ్లీ మొదలుపెట్టాడు. తొలి కార్ల టైర్లు సన్నగా, ఎక్కువ గాలితో గట్టిగా ఉండేవి. నిజాం కారు కాలంలో సుఖమంతా చక్రం ఎత్తు నుంచీ, కమాన్ కట్టల నుంచీ వచ్చేది. లావుగా ఉండి తక్కువ గాలితో నడిచే బెలూన్ టైర్లను 1923లో ఫైర్‌స్టోన్ తెచ్చాకే కారు ప్రయాణం మెత్తబడింది. అంత కష్టపడి సంపాదించుకున్న మెత్తదనాన్ని అందం కోసం మళ్లీ సన్నని రబ్బరు పట్టీగా మార్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పొట్టి టైరుకు గుణం లేదనడం లేదు. పక్కలు తక్కువ ఊగుతాయి కాబట్టి ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు స్టీరింగు చురుగ్గా, ఖచ్చితంగా ఉంటుంది. ఆ గుణం లాల్ దర్వాజా నుంచి షా అలీ బండా మీదుగా చార్మినార్‌కు పోయే బండికి ఎందుకు అక్కరకొస్తుంది చెప్పండి? అక్కడ ఇరవై, ముప్పై దాటి పోయే సందే దొరకదు. దారిలో రోడ్డు కన్నా ఎత్తుగా ఒకటి, పల్లంగా ఒకటి మ్యాన్‌హోల్ మూతలు. పైపుల కోసం తవ్వి పూడ్చిన అడ్డగీతలు. ఎవరింటి ముందు వాళ్లు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లు. చార్మినార్ దగ్గరకొస్తే పరిచిన గ్రానైట్ రాళ్ల అతుకులు. వానాకాలంలో నీళ్లు నిండితే గుంత ఎక్కడుందో, ఎంత లోతో తెలియదు. అక్కడే పొట్టి టైరు దెబ్బతింటుంది. గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య రబ్బరు నలిగి లోపలి దారాలు తెగుతాయి. మర్నాటికి టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు కనిపిస్తుంది. దానికి రిపేరు లేదు. ఉబ్బిన టైరుతో ప్రయాణం ప్రాణాంతకం, వెంటనే మార్చాలి.

రిమ్ము బరువు సంగతి కూడా ఉంది. స్ప్రింగు కింద ఉండే బరువు, అంటే టైరు, రిమ్ము, బ్రేకు, ఎంత తేలికైతే చక్రం అంత చప్పున లేచి దిగుతుంది, పైన కూర్చున్నవాళ్లు అంత నిలకడగా ఉంటారు. అల్లాయ్ అనగానే తేలిక అనుకోకండి. 17 అంగుళాల అల్లాయ్ కొన్నిసార్లు 14 అంగుళాల స్టీలు రిమ్ము కన్నా బరువుంటుంది. కొనేముందు కాటా పెట్టించి చూడమని అడగండి, తప్పేం లేదు.

అందుకని నా సలహా ఏమిటంటే, కంపెనీ మీ కారుకు ఇచ్చే సైజుల్లో చిన్న రిమ్మునే తీసుకోండి. పై మోడల్ నుంచి కింది సైజుకు మారాలనుకుంటే ఆ రిమ్ము మీ బ్రేకులకు తగలకుండా కూర్చుంటుందో లేదో ముందే బిగించి తిప్పి చూడాలి. పట్టు పెరగాలని వెడల్పు టైరు కోరేవాళ్లు 14 అంగుళాల రిమ్ము మీదే 185/70 అడగొచ్చు. రబ్బరు ఎత్తు 129 దాకా మిగులుతుంది. స్టీరింగు కొంచెం బరువెక్కుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది. షాపులో స్టాకుందని 175/65 ఆర్14 అంటగడితే మాత్రం వద్దనండి. మొత్తం చక్రం 583 మిల్లీమీటర్లే అవుతుంది. బండి 18 మిల్లీమీటర్లు కిందికి దిగి ప్రతి స్పీడ్ బ్రేకరుకూ కడుపు గీసుకుంటుంది. సైజు పక్కన ఉండే అంకె కూడా చూడాలి. 85 అంటే ఆ టైరు 515 కిలోలు మోస్తుంది, 88 అంటే 560. కంపెనీ ఇచ్చినదానికన్నా తక్కువ అంకె ఉన్న టైరు ఎంత చవకైనా తీసుకోకండి.

సైజు సరిగ్గా ఎంచుకుని గాలి దగ్గర పాడుచేసుకునేవాళ్లను చూస్తే నాకు ఉసూరుమంటుంది. పంక్చర్ షాపులో 40 కొట్టించుకుంటే 132 మిల్లీమీటర్ల టైరు కూడా కర్రలా ఉంటుంది. డ్రైవరు తలుపు తీస్తే కంపెనీ అంటించిన చీటీ ఉంటుంది, దాని మీద ఉన్నంతే కొట్టించండి. అది చల్లగా ఉన్న టైరుకు చెప్పిన అంకె, కాబట్టి పొద్దున్నే చూసుకోవాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం మదీనా సెంటరు దాకా నడిపి ఆపిన కారులో కొలిస్తే నిజం తెలియదు. మెత్తదనం కోసం చీటీ కన్నా తగ్గించడమూ మంచిది కాదు. పక్కలు అతిగా వంగి వేడెక్కి టైరు పేలే ప్రమాదముంది. నైట్రోజన్‌తో కుదుపులు తగ్గుతాయన్న మాట నమ్మి డబ్బు పెట్టకండి, మామూలు గాలిలోనే నూటికి 78 వంతులు అదే ఉంది.

ఇంకొకటి, టైరు వయసు. పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. 2422 అంటే 2022లో 24వ వారం తయారైందని. రబ్బరు వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుపోతుంది, అప్పుడు గీతలు ఎంత లోతుగా ఉన్నా మెత్తదనం ఉండదు. కొత్త టైర్లు కొనేటప్పుడు నాలుగింటి మీదా ఆ అంకెలు మీరే చదవండి. డిక్కీలో ఉన్న స్టెపినీ సైజూ, గాలీ కూడా అదే రోజు చూపించండి.